ఢిల్లీ ఎండకు గొంతు మారే గిటారు

ఢిల్లీలో ఎర్రకోటకు ఎదురుగా లాజ్‌పత్ రాయ్ మార్కెట్టు ఉన్నది. తీగలు, మీటర్లు, రేడియో విడిభాగాలు కావలసినవారు చాలాకాలంగా అక్కడి ఇరుకు సందులలో తిరుగుతూనే ఉన్నారు. గిటారుకు సొంతంగా ‘ఫజ్ పెడల్’ తయారు చేసుకోదలచిన యువకునికి కూడా అది సహజమైన మొదటి మజిలీ. కాలితో మీట నొక్కగానే గిటారు నాదాన్ని గరగరలాడించే చిన్న పెట్టె పేరే ఫజ్ పెడల్. దానికి ప్రాణం రెండే రెండు ట్రాన్సిస్టర్లు.

ఈ గరగర ఒక దోషం నుండి పుట్టింది. అమెరికాలోని నాష్‌విల్ నగరంలో మార్టీ రాబిన్స్ పాటను ముద్రిస్తున్నప్పుడు ధ్వనియంత్రంలోని లోపం వల్ల గిటారు స్వరం చీలి వినిపించింది. వినేవారికి అదే నచ్చింది. 1962లో ‘మాయెస్ట్రో’ అనే పెట్టె ఆ ధ్వనిని కావాలని పుట్టించింది. 1966లో లండన్‌లోని ఆర్బిటర్ సంస్థ ‘ఫజ్ ఫేస్’ను విడుదల చేసింది. జిమీ హెండ్రిక్స్ వాయిద్యంతో అది జగత్ప్రసిద్ధమైంది. మనకు ఇది మరీ వింత కాదు. తంబుర తంత్రి కింద దారపు పోగును ఉంచి మనం నాదాన్ని జుమ్మనిపిస్తాము గదా! పోగు వెంట్రుకవాసి జరిగినా ఆ జీవం పోతుంది. పెడల్‌లో ఆ పోగు చేసే పనిని చేసేది ‘బయస్’.

నడిమి స్థానం

బయస్ అంటే ట్రాన్సిస్టరు విశ్రాంతిగా ఉన్నప్పుడు దానిని ఏ స్థానంలో నిలుపుతామన్నది. పెడల్‌కు 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. రెండవ ట్రాన్సిస్టరు కలెక్టరు వద్ద ఇంచుమించు 4.5 వోల్టులు, అనగా సరిగా సగం, ఉండాలి. ఉయ్యాల నడిమధ్య ఉన్నప్పుడే ఇరువైపులా సమంగా ఊగుతుంది. గోడకు చేరువగా కట్టిన ఉయ్యాల ఒకవైపు కొట్టుకుంటుంది. వోల్టేజి సగం నుండి బాగా తొలగితే స్వరం తెగితెగి వినబడి, సాగవలసిన చోట చటుక్కున ఆగిపోతుంది. అందుకే రెండవ కలెక్టరుకు ఉండే 8.2 కిలోఓముల రెసిస్టరుకు బదులు, తిప్పి సవరించుకొనదగిన 10 లేక 20 కిలోఓముల ప్రీసెట్ పెట్టుకోవడం మేలు.

కొనేముందు కొలత

తొలినాటి ఫజ్ ఫేస్‌లో ఉన్నవి జర్మేనియం ట్రాన్సిస్టర్లు. వాటిలో ఏసీ128 పేరుపొందినది. మన దేశంలో కూడా భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1962లో జర్మేనియం ట్రాన్సిస్టర్ల తయారీ ప్రారంభించింది. ఆ కాలపు సరుకు ఇప్పుడు కొత్తగా రాదు. పాత నిల్వలకు గిరాకీ పెరిగినకొద్దీ పాత ముద్ర చెరిపి కొత్త ముద్ర వేసిన నకిలీలూ లోకమంతటా పెరిగాయి. కనుక పేరును కాదు, కొలతను నమ్మాలి.

జర్మేనియానికి ‘లీకేజీ’ అనే పుట్టుగుణం ఉన్నది. బేస్‌కు ఏమీ అందకపోయినా కొంత విద్యుత్తు కారుతూనే ఉంటుంది. చౌక మీటరు ఆ కారుడును కూడా గెయిన్‌గా లెక్కగట్టి కొనుగోలుదారుని మోసపుచ్చుతుంది. నిజం తెలుసుకోవడం కష్టం కాదు. ఏసీ128 వంటి పీఎన్‌పీ రకమైతే ఎమిటరును 9 వోల్టుల బ్యాటరీ ధనధ్రువానికి, కలెక్టరును 2.4 కిలోఓముల రెసిస్టరు ద్వారా రుణధ్రువానికి కలపండి. బేస్‌ను వదలివేసి, ఆ రెసిస్టరు రెండు కొసల మధ్య వోల్టేజి చూడండి. అది లీకేజీ. తరువాత బేస్‌ను 2.2 మెగాఓముల రెసిస్టరు ద్వారా రుణధ్రువానికి కలిపి మళ్లీ చూడండి. రెండు కొలతల భేదాన్ని 100తో గుణిస్తే వచ్చేది ఇంచుమించు అసలు గెయిన్. మొదట 0.20, తరువాత 1.20 వోల్టులు వచ్చాయనుకోండి. అసలు గెయిన్ 100 మాత్రమే, 120 కాదు. మొదటి స్థానానికి 70–80, రెండవదానికి 110–130 గెయిన్ గలవి బాగా పనిచేస్తాయి. లీకేజీ 100 మైక్రోఆంపియర్లలోపు ఉంటే మంచిది. 500 దాటితే ఆ ట్రాన్సిస్టరును పక్కన పెట్టండి. చేతితో పట్టుకున్న వేడికే కొలత మారుతుంది కనుక అంకె నిలకడకు వచ్చేవరకు ఆగాలి.

ఋతువు పెట్టే పరీక్ష

వేలి వేడికే ఇలా ఉంటే ఢిల్లీ వేసవి మాట ఏమిటి? ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా జర్మేనియం లీకేజీ రెట్టింపవుతుంది. జనవరిలో 10 డిగ్రీల గదిలో సరిచేసిన పెడల్‌ను మే నెలలో 40 డిగ్రీల మేడమీదికి తీసుకుపోతే లీకేజీ ఎనిమిది రెట్లవుతుంది. 4.5 వోల్టుల స్థానం చెదిరి, ఇంట్లో తీయగా పలికిన పెట్టె శ్రోతల ఎదుట గొంతు పూడుకుపోవచ్చు. వాయించేవాడు తన చేతినో తీగనో అనుమానిస్తాడు. నిజానికి దోషం వాతావరణానిది.

దీనికి మార్గాలు లేకపోలేదు. తక్కువ లీకేజీ గలవాటినే ఎంచుకోవచ్చు. ప్రీసెట్‌ను పెట్టె విప్పకుండా తిప్పగలిగే చోట అమర్చవచ్చు. పెట్టెను ఎండకూ దీపాల వేడికీ దూరంగా ఉంచవచ్చు. అంత శ్రమ వద్దనుకుంటే సిలికాన్ ఉన్నది. బీసీ547 అంతటా చౌకగా దొరుకుతుంది, దాని లీకేజీ లెక్కలోకి రాదు. కాని ఇది ఎన్‌పీఎన్ రకం కనుక బ్యాటరీ ధ్రువాలను తారుమారు చేసి కలపాలి. గెయిన్ కూడా ఎక్కువే. ‘ఎ’ తరగతికి 110 నుండి 220 వరకు, ‘సి’ తరగతికి 420 నుండి 800 వరకు ఉంటుంది. అందువల్ల ‘ఎ’ తరగతితో మొదలుపెట్టడం మంచిది. ధ్వని కొంత పదునుగా ఉంటుంది. అది ఇష్టమా కాదా అన్నది చెవి తేల్చవలసిన విషయం.

అరుదైన పేరుకు ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన నాదం రాదు. సామాన్యమైన ట్రాన్సిస్టరును ఓపికగా కొలిచి, దాని స్థానంలో దానిని నిలిపితే అదే చక్కగా పలుకుతుంది. ఎండలు ముదిరిన తరువాత ఒకసారి, చలి పట్టిన తరువాత ఒకసారి ఆ 4.5 వోల్టులను మళ్లీ చూసుకుంటే చాలు.