పట్టెమంచం గడప దాటినట్టు



మన బళ్ళారి వైపు ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, ఆఫీసు కాగితాల్లో ఇంగ్లీషు. మూడు భాషల నడుమ మాట చెడకుండా చేరవేయడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటే. కంప్యూటర్లకూ ఈ అవసరం ఉంది. ఒక ప్రోగ్రాము జావాలో ఉంటుంది, అవతలిది సీ షార్పులో ఉంటుంది. వాటి మధ్య సమాచారం ఎలా నడుస్తుందో ఇవాళ ముచ్చటించుకుందాం.

ఒక విద్యార్థి పేరు, పుట్టినతేదీ, మార్కులు ప్రోగ్రాము తన మెమరీలో ఒక మూటగా ఉంచుకుంటుంది. దాన్ని ఆబ్జెక్టు అంటారు. అయితే మూటలో అన్నీ నేరుగా ఉండవు. మార్కుల దగ్గర "ఫలానా చోట చూడు" అన్న గుర్తు మాత్రమే ఉండవచ్చు. "రెండో అల్మరా, మూడో అర" అంటే మన ఇంట్లోవాళ్ళకు తెలుస్తుంది. పొరుగూరికి అదే రాసి పంపితే ఏం ప్రయోజనం? అందుకని గుర్తు వదిలి, అసలు వివరం బయటికి తీసి వరుసగా రాయాలి.

ఇల్లు మారేటప్పుడు పట్టెమంచాన్ని ఏం చేస్తాం? కోళ్ళూ పట్టెలూ విడదీసి, ఏది దేనికో గుర్తు పెట్టి, కొత్త ఇంట్లో మళ్ళీ బిగిస్తాం. ఇక్కడ విడదీయడాన్ని సీరియలైజేషన్ అనీ, అక్కడ బిగించడాన్ని డీసీరియలైజేషన్ అనీ అంటారు.

ఆ గుర్తులు పెట్టే పద్ధతుల్లో ఒకటి ఎక్స్.ఎమ్.ఎల్. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం దీన్ని 1998 ఫిబ్రవరిలో ప్రమాణంగా వెలువరించింది. ప్రతి వివరానికీ ముందొక ట్యాగు, వెనకొక ట్యాగు. ట్యాగుల పేర్లు తెలుగు అక్షరాల్లో పెట్టుకున్నా నియమం ఒప్పుకుంటుంది. ఇలా రాసినదాన్ని పంపే పద్ధతుల్లో సోప్ ఒకటి. అందులో కవరు, దానిలోపల హెడరు, బాడీ ఉంటాయి. అసలు కబురు బాడీలో వెళుతుంది. 2013లో మన రిజర్వు బ్యాంకు తెచ్చిన కొత్త ఆర్.టి.జి.ఎస్. వ్యవస్థ ఐ.ఎస్.ఓ. 20022 పద్ధతి సందేశాల మీద కట్టినది. ఆ సందేశాలు ఎక్స్.ఎమ్.ఎల్.లోనే నడుస్తాయి.

ఇక జాగ్రత్తల మాట. మా బడిలో ఒక అమ్మాయి అమ్మవారు పోసి అర్ధసంవత్సర పరీక్షకు రాలేదు. మార్కుల గడి ఖాళీగా వదిలాం. పై ఆఫీసు నుంచి జాబితా తిరిగి వచ్చేసరికి ఆ గడిలో సున్నా ఉంది! సరాసరి పడిపోయి, స్కాలర్‌షిప్పు జాబితాలో ఆ పిల్ల పేరు పోయింది. హాజరు పట్టీ పట్టుకుని నాలుగుసార్లు తిరిగితే గానీ సరికాలేదు. కారణం చిన్నదే. అంకె రాకపోతే కొన్ని ప్రోగ్రాములు తమంతట తామే సున్నా వేసుకుంటాయి. రాయకపోవడం వేరు, రాసి సున్నా తెచ్చుకోవడం వేరు. "విలువ లేదు" అని స్పష్టంగా చెప్పడానికి ఎక్స్.ఎమ్.ఎల్. స్కీమాలో నిల్ అనే గుర్తు ఉంది. రెండువైపులా దాన్ని పాటించాలి.

తేదీ కూడా అంతే. 05/03 అంటే మనకు మార్చి 5, అమెరికావాళ్ళకు మే 3. అందుకే సంవత్సరం, నెల, రోజు వరుసలో 2011-03-05 అని రాయాలని స్కీమా నియమం. ఇక తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారకుండా ఇరువైపులా యూ.టి.ఎఫ్.-8 వాడాలి. అందులో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయి.

ఈనాడు చాలా కొత్త సేవలు తేలికగా ఉంటుందని జేసన్ పద్ధతి వాడుతున్నాయి. పద్ధతి ఏదైనా జాగ్రత్త ఒకటే. మీ పిల్లల వివరాలు కంప్యూటరుకు ఎక్కాక తిరిగి వచ్చిన కాగితాన్ని ఒక్కసారి చదవండి. ఖాళీగా ఉండాల్సిన చోట సున్నా కనిపిస్తే ఊరుకోకుండా అడగండి.