తల్లి నేర్పాల్సిన అడవి

ఒరాంగుటాన్ పిల్ల మనుషుల చేతికి చిక్కిందంటే, దాదాపు ప్రతిసారీ దాని తల్లిని చంపేశారనే అర్థం. ప్రాణముండగా ఆ తల్లి పిల్లను వదలదు. బోర్నియోలో పామాయిల్ తోటల కోసం అడవి కొట్టేస్తే, తిండి దొరక్క తోటల్లోకి వచ్చిన తల్లులు బలవుతాయి. వాటి పిల్లల్ని పెంచుకునేవాళ్లకు అమ్ముతారు.

అలాంటి అనాథల కోసం 1999లో బోర్నియోలో ఇండోనేషియాకు చెందిన మధ్య కాలిమంతాన్‌లో న్యారు మెంతెంగ్ కేంద్రం మొదలైంది. వచ్చిన పిల్లను ముందు విడిగా ఉంచి టీబీ, హెపటైటిస్ పరీక్షలు చేస్తారు. మన జబ్బులు వాటికీ సోకుతాయి.

అసలు కష్టం ఆ తర్వాతే. ఒరాంగుటాన్ పిల్ల ఆరేడేళ్లు తల్లి వెంటే ఉండి అన్నీ నేర్చుకుంటుంది: ఏ కాయ ఎప్పుడు పండుతుందో, ఏ బెరడు తినొచ్చో, రాత్రి పడుకోవడానికి కొమ్మలు వంచి పాన్పు ఎలా అల్లుకోవాలో. ఇక్కడ ఆ పని ఆయాలది. పసివాటిని వాళ్లు ఎత్తుకుని పాలు పడతారు, రోజూ అడవిబడికి తీసుకెళ్లి చెట్లెక్కిస్తారు. రబ్బరు పాముల్ని చూపించి భయం కూడా నేర్పుతారు, భయం తెలియని పిల్ల అడవిలో బతకదు కనుక. ఇంత ప్రేమగా పెంచిన పిల్ల చివరికి మనిషిని చూస్తే దూరంగా పోవాలి. ఆ ఆయాల పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

బడి ముగిసినవాటిని నది మధ్య దీవుల్లో వదిలి, సొంతంగా తిండి వెతుక్కుంటున్నాయో లేదో గమనిస్తారు. నెగ్గినవాటి ఒంట్లో చిన్న ట్రాన్స్‌మిటర్ అమర్చి అడవికి పంపుతారు. 2012లో బుకిత్ బతికాప్ అడవిలో ఈ విడుదలలు మొదలయ్యాయి. అలా వెళ్లిన ఆడవాటిలో కొన్ని అక్కడే పిల్లల్ని కన్నాయి. ఏళ్ల తరబడి బోనుల్లో మగ్గినవీ, తీవ్రమైన జబ్బున్నవీ మాత్రం ఎప్పటికీ సంరక్షణలోనే ఉండాల్సి వస్తుంది.

విడుదలకు తగిన అడవి దొరకడమూ కష్టమే. అక్కడ తిండి సమృద్ధిగా ఉండాలి, గొడ్డలి పడకూడదు. రోగాలు అంటుకోకుండా, తిండికి పోటీ రాకుండా అడవి ఒరాంగుటాన్లు లేనిచోటే వదలాలి.

ఆడ ఒరాంగుటాన్ ఏడెనిమిదేళ్లకొకసారి ఒక్క పిల్లను కంటుంది. పోయిన తల్లుల లోటు ఏ పునరావాస కేంద్రమూ పూడ్చలేదు. అందుకే పామాయిల్ కోసం అడవులు కొట్టేయడమే ఆగాలి. పామాయిల్‌ను ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా దిగుమతి చేసుకుంటున్నది మన దేశమే. ఆ నూనె ఏ నేలలో పండిందో చెప్పమని కంపెనీలను అడిగే హక్కు, అడగాల్సిన బాధ్యత మనకున్నాయి.