కట్టె గుళికకు గొడుగు పట్టాల్సిందే!

రెంటచింతల ఎండ గురించి తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వేసవిలో టీవీలో ఉష్ణోగ్రతల పట్టీ వచ్చిందంటే ఆ ఊరి పేరు పైవరుసల్లో ఉండాల్సిందే. అలాంటి పల్నాడులో కూర్చుని ‘మంట కోసం వాడే కట్టె గుళికలు తడవకుండా ఎలా దాచాలి’ అని రాస్తే నవ్వొస్తుంది కదూ? నవ్వండి, ఫర్లేదు. కానీ నవ్వడం అయ్యాక ఒక్కసారి మీ పొలం గట్టు మీద కుప్పేసి ఉన్న పత్తి కట్టె వైపు చూడండి. ఈ కథ దాని గురించే.

అగ్గిపుల్ల గీసేస్తున్నాం

నరసరావుపేట నుంచి మాచర్ల దాకా నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప. ఇదే కదా మన సీను. పత్తి తీతలు అయిపోయాక కట్టె పీకేస్తాం. కొంత పొయ్యిలోకి, కొంత కంచెకి, మిగిలింది పొలంలోనే తగలబెట్టడం. హెక్టారు పత్తికి 2 నుంచి 3 టన్నుల కట్టె వస్తుందని పరిశోధకుల అంచనా. అంటే ఐదెకరాల రైతు ఏటా 4 నుంచి 6 టన్నుల ఇంధనాన్ని పొగ చేసేస్తున్నాడన్నమాట.

అలాగని కట్టెని పొలంలోనే వదిలేస్తే ఇంకో తంటా. ఎండిన కాయల్లో, కట్టెలో గులాబీరంగు పురుగు దాక్కుని తర్వాతి పంటకి సిద్ధమైపోతుంది. అందుకే సీజన్ అయిపోగానే కట్టె తీసేయమని వ్యవసాయ శాఖ వాళ్లు చెబుతూనే ఉంటారు. తీసి ఏం చేయాలి? ఇక్కడే గుళికలు, అదే పెల్లెట్లు, రంగంలోకి వస్తాయి.

కట్టెని ముక్కలు చేసి, ఆరబెట్టి, పొడి చేసి, చిల్లులున్న ఉక్కు అచ్చులోంచి గట్టిగా నొక్కితే చిటికెన వేలంత గుళికలు వస్తాయి. ఇందులో జిగురు కలపరు. కట్టెలోనే లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. నొక్కుడుకి పుట్టే వేడికి అది మెత్తబడి పొడినంతా అంటిస్తుంది. చల్లారాక గట్టిపడుతుంది. బాయిలర్లు, హోటల్ పొయ్యిలు, బొగ్గు విద్యుత్ కేంద్రాలు వీటిని వాడుకోవచ్చు. పత్తి కట్టెతో గుళికలు చేసే పద్ధతి మీద ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ, సర్‌కాట్, నాగ్‌పూర్ కేంద్రంగా చాలా పని చేసింది.

డిమాండ్ మాటేంటి అంటారా? బొగ్గు విద్యుత్ కేంద్రాలు బొగ్గుతో పాటు కొంత పంట వ్యర్థాల ఇంధనం కలపాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021 అక్టోబరులో విధానం తెచ్చింది. 2023 జూన్‌లో దాన్ని సవరించి, 2024-25 నుంచి 5 శాతం, 2025-26 నుంచి 7 శాతం అని లెక్క పెట్టింది. బొగ్గు కేంద్రం తినే రాశుల్లో 5 శాతం అంటే చిన్న సంగతి కాదు.

ఇంతవరకు బాగానే ఉంది. అసలు విలన్ ఇప్పుడొస్తాడు. వాడి పేరు తేమ.

గ్లాసు నీళ్లతో తేలిపోతుంది

ఎక్కడైనా గుళికలు దొరికితే ఒకటి తీసుకుని గ్లాసు నీళ్లలో వేయండి. నిమిషాల్లో ఉబ్బుతుంది, పగుళ్లు వస్తాయి, చివరికి రంపపు పొట్టులా విడిపోతుంది. రీల్ తీసుకోవాలనుంటే తీసుకోండి కూడా. అయితే గుర్తుంచుకోండి, ఆ పొట్టుని ఎండబెట్టినా మళ్లీ గుళిక కాదు. మిరపకాయ తడిస్తే కనీసం తాలుకాయ రేటుకైనా పోతుంది. గుళిక తడిస్తే మళ్లీ మిల్లు దాకా వెళ్లి మొదట్నుంచీ మొదలెట్టాల్సిందే.

వాన నీళ్లే పడక్కర్లేదు. గాలిలో చెమ్మ చాలు. గుళిక మెల్లగా పీల్చుకుంటుంది, బయటికి బాగానే కనిపిస్తుంది, కానీ బరువు పెరుగుతుంది, మంట తగ్గుతుంది.

లెక్క చూద్దాం. టన్ను గుళికల్లో తేమ 9 శాతం ఉంటే అందులో 90 కిలోల నీళ్లున్నట్టు. అదే 15 శాతమైతే 150 కిలోలు. అంటే కొన్నవాడు 60 కిలోల నీళ్లకి కట్టె రేటు ఇచ్చాడు. అంతటితో అయిపోలేదు. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 600 కిలోకేలరీలు పోతాయి. రెండూ కలిపితే టన్నుకి వచ్చే వేడిలో దాదాపు 8 శాతం గోవిందా.

అందుకే కొనేవాళ్లు ముందుగా చూసేది తేమనే. విద్యుత్ కేంద్రాల టెండర్లలో మామూలు గుళికలకు 9 శాతం అనే అంకె కనిపిస్తుంది. యూరప్‌లో ఇళ్లకి అమ్మే మేలురకం గుళికలకు హద్దు 10 శాతం. లారీ గేటు దగ్గరికెళ్లాక మీటరు పెట్టి తేమ ఎక్కువుందంటే రేటు కోస్తారు, లేదా లోడు వెనక్కే. రాను పోను కిరాయి మన నెత్తినే.

మనకి తెలియని విద్యేం కాదు

‘ఇదంతా పెద్ద టెక్నాలజీ’ అని భయపడక్కర్లేదు. పల్నాడులో మిరప కళ్లం చూసినవాళ్లకి ఇందులో సగం వచ్చేసినట్టే. కళ్లంలో కాయలు ఆరబోసి, చేత్తో నలిపి, గలగల శబ్దం విని ఆరిందో లేదో చెప్పేస్తారు మన పెద్దోళ్లు. అర్ధరాత్రి మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదీ పట్టాలు పట్టుకుని పరుగు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఉమ్మడి గుంటూరు జిల్లాలో పంటలు ఎలా దెబ్బతిన్నాయో ఈ ప్రాంతంలో ఎవర్నడిగినా చెబుతారు. ఒక్క వాన ఏడాది కష్టాన్ని ఎలా తినేస్తుందో మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

గడ్డివామి గుర్తు తెచ్చుకోండి. అడుగున రాళ్లో దుంగలో పరిచి నేలకి ఎత్తుగా వేస్తారు. పైన గోపురంలా తీరుస్తారు, నీళ్లు జారిపోవాలని. గుళికల గోదాముకీ సూత్రాలు ఇవే. కింద నుంచి చెమ్మ రాకూడదు, పై నుంచి నీళ్లు పడకూడదు, మధ్యలో గాలి ఆడాలి.

కాలం కూడా మనకి కలిసొస్తుంది. కట్టె పీకేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్య. పచ్చి కట్టె బరువులో చాలా భాగం నీరే అయినా, మన ఎండకి కొన్ని వారాల్లో పెళపెళలాడుతుంది. వేరే చోట్ల ఆరబెట్టే యంత్రానికి డబ్బు పోస్తారు. మనకి సూర్యుడు ఉచితంగా చేసి పెడతాడు. చిక్కంతా జూన్ తర్వాతే. నైరుతి, దాని వెనకే ఈశాన్యం. మే నెలలో చేసిన సరుకుని డిసెంబర్ దాకా కాపాడగలిగినవాడే ఈ వ్యాపారంలో నిలబడతాడు.

గోదాములో చేయాల్సినవి

చల్లారాకే బస్తాలోకి. అచ్చులోంచి వచ్చిన గుళిక చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. అలాగే మూట కడితే ఏమవుతుంది? వేడివేడి కూర డబ్బాలో పెట్టి మూతేస్తే మూత కింద చెమట పట్టదూ, అదే. ఆ నీళ్లు లోపలి గుళికలనే పాడు చేస్తాయి. బాగా చల్లారి, గట్టిపడ్డాకే నింపాలి.

నేల మీద పెట్టొద్దు. సిమెంటు గచ్చు పొడిగా కనిపిస్తుంది గానీ, కింద నల్లరేగడి నుంచి చెమ్మని పైకి లాగుతుంది. చెక్క పలకలో, ఇటుకల మీద బల్లలో వేసి కనీసం అరడుగు ఎత్తులో పేర్చండి. దీనివల్ల చెదలు పట్టినా తొందరగా కనిపిస్తుంది.

గోడకి ఆనించొద్దు. అడుగున్నర, రెండడుగులు వదిలితే గాలి ఆడుతుంది, మనిషి తిరిగి చూసుకోవడానికీ వీలుంటుంది. వానాకాలంలో గోడ చెమ్మ ముందు ఆనుకున్న బస్తానే పట్టుకుంటుంది.

బస్తా ఏదన్నది చూడండి. ఎరువుల సంచి లాంటి అల్లిక బస్తాలోంచి తేమ గాలి సులువుగా దూరుతుంది. లోపల ప్లాస్టిక్ పొర ఉన్నదైతే మేలు. వాడేసిన ఎరువుల సంచుల జోలికి పోవద్దు. మిగిలిన ఉప్పు పొడి చెమ్మని లాగుతుంది, మండితే బాయిలర్‌కీ మంచిది కాదు.

పట్టా కప్పి మర్చిపోవద్దు. నాలుగు వైపులా బిగించేస్తే లోపలి తేమ బయటికి పోదు. తెల్లవారుజామున రేకుల కిందా, పట్టా కిందా నీటి చుక్కలు పడతాయి. ఎండ కాసిన రోజు పట్టా తీసి గాలి తగలనివ్వాలి, సాయంత్రం మళ్లీ కప్పాలి.

ముందొచ్చింది ముందే పోవాలి. బస్తా మీద తేదీ రాయండి. కొత్త సరుకు అందుబాటులో ఉందని దాన్నే అమ్మేస్తూ పోతే మూలనున్న పాత బస్తా వానాకాలమంతా చెమ్మ తాగుతుంది.

విసిరేయొద్దు. టిక్కీలు ఎత్తేసినట్టు ఎత్తేస్తే గుళికలు విరిగి పొడైపోతాయి. పొడి తొందరగా చెమ్మ పడుతుంది, నిప్పు రవ్వకి తొందరగా అంటుకుంటుంది కూడా.

ఎంత చోటు కావాలి? ఘనపు మీటరుకి సుమారు 600 కిలోల గుళికలు పడతాయి. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గదిలో ఐదడుగుల ఎత్తు నింపితే 8 టన్నుల పైమాటే. బస్తాలు, దారులు, ఖాళీలు తీసేస్తే అంతకన్నా తగ్గుతుంది. అదే కట్టెని విడిగా వేయాలంటే ఇంటి ముందు స్థలమంతా సరిపోదు.

తేమ మీటరు లేదా? 100 గ్రాముల గుళికలు తూచి, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంత వరకు ఆరబెట్టి, మళ్లీ తూచండి. 91 గ్రాములు తూగితే తేమ 9 శాతం. అంతే సంగతి.

ప్రాణం మీదికొచ్చే మాట

ఇది మాత్రం స్క్రోల్ చేసేయకండి. పెద్ద మొత్తంలో తడి గుళికలు కుప్పేస్తే లోపల వాటంతటవే వేడెక్కుతాయి. తడి గడ్డివామి పొగలు కక్కడం చూశాం కదా, అలాగే. ముదిరితే మంటే. ఇంగ్లండ్‌లోని డ్రాక్స్ విద్యుత్ కేంద్రంలో నాలుగు భారీ గోపురాల్లో కలిపి సుమారు 3 లక్షల టన్నుల గుళికలు దాస్తారు. అక్కడ వేడి పెరుగుతుందేమో ఎప్పుడూ కనిపెడుతూ, నిప్పు పుట్టకుండా లోపలికి నత్రజని పంపే ఏర్పాటు పెట్టుకున్నారు.

రెండో ప్రమాదం కంటికి కనిపించదు. మూసి ఉన్న చోట గుళికలు కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. రంగు లేదు, వాసన లేదు. 2006లో స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్ రేవులో గుళికలు తెచ్చిన ఓడలో మెట్ల దారిలోకి దిగిన నావికుడు చనిపోయాడు. జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో ఇళ్ల కిందుండే గుళికల గదుల్లోకి వెళ్లినవాళ్లూ ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2002 తర్వాత పదేళ్లలో ఇలా యూరప్‌లో కనీసం తొమ్మిది మంది పోయారని ఒక లెక్క.

తెరిచిన షెడ్డులో ఈ భయం తక్కువ. కానీ ‘తేమ రాకూడదు కదా’ అని గదిని గాలి చొరకుండా బిగించేస్తే మాత్రం ప్రమాదాన్ని మనమే తయారు చేసుకున్నట్టు. చాలా రోజులు మూసిన గదైతే తలుపులు, కిటికీలు తీసి బాగా గాలాడనిచ్చాకే లోపలికెళ్లాలి. ఒక్కరే వెళ్లొద్దు. లోపల ఎవరైనా పడిపోతే వెనకే దూకేయొద్దు, ముందు 101కో 112కో ఫోన్ చేయాలి. కుప్పలోంచి వెచ్చటి ఆవిరి, మాడు వాసన వస్తున్నా అదే పని.

అమెరికా బేస్‌మెంట్‌లో కూడా ఇదే గోల

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో చలికాలం గుళికల పొయ్యిలు వాడే ఇళ్లు చాలానే. అక్కడ 40 పౌండ్ల సంచులు, అంటే మన లెక్కలో 18 కిలోలు. యాభై సంచులైతే వాళ్ల టన్ను. అవన్నీ ఒక చెక్క పలక మీద, ప్లాస్టిక్ చుట్టి ఇంటి ముందు దింపి పోతారు. మంచు పడేలోపు గ్యారేజీలోకో బేస్‌మెంట్‌లోకో మోసుకోవాలి. అటువైపు మీ చుట్టాలబ్బాయి ఎవరైనా ఉంటే వాట్సాప్‌లో అడిగి చూడండి. ‘కింద పలక వేశావా, గోడకి దూరంగా పెట్టావా’ అని. మాచర్లలో అయినా మెయిన్ రాష్ట్రంలో అయినా గుళికకి కావాల్సింది ఒకటే.

మరి మొదలెట్టేదెలా?

ఊళ్లో నలుగురు కుర్రాళ్లు కలిసి గుళికల యూనిట్ పెడదామనుకుంటే, యూట్యూబ్ వీడియోలన్నీ మిల్లు గురించే చెబుతాయి. ఎన్ని హార్స్‌పవర్, గంటకెన్ని కిలోలు అని. షెడ్డు గురించి ఎవరూ చెప్పరు. కానీ మిల్లు రోజూ చేసినదాన్ని ఒక్క రాత్రి వాన మింగేయగలదు. అందుకే మిల్లు కొటేషన్ అడిగే ముందు రేకులు, పలకలు, పట్టాలు, తేమ మీటరు, తూకం ఖర్చు కాగితం మీద వేసుకోండి. కొనేవాడెవరో, అతను ఒప్పుకునే తేమ ఎంతో ముందే రాయించుకోండి.

ఇంకో పని ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. సాయంత్రం అరుగు మీద కూర్చున్న తాతని అడగండి, ‘వామి ఎలా వేసేవాళ్లు, కళ్లం ఎక్కడ చూసి ఎంచుకునేవాళ్లు, మబ్బు ఎటు నుంచి వస్తే భయపడేవాళ్లు’ అని. షెడ్డు ద్వారం ఎటు పెట్టాలో ఇంజనీరు కన్నా ముందే ఆయన చెప్పేస్తాడు.