చెరువు కట్టినవారు, తూము కాచినవారు

జనగామ జిల్లా పాలకుర్తి మండలమందలి బమ్మెర గ్రామమనగానే తెలుగువాని మనస్సునకు తోచునది భాగవతము, దానిని తెనిగించిన పోతన; అయితే ఆ మహాకవి నామధేయమును ధరించి, గ్రంథాలయపు బీరువాలలో కాక కంప్యూటరు తెరలమీద సంచరించిన వస్తువు మరియొకటి కలదని, అది లేకున్నచో ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో తెరపై తెలుగు చదువుకొనుట ఎందరికో దుష్కరమై యుండెడిదని ఎరిగినవారు కొలదిమంది మాత్రమే. ప్రవాసాంధ్రుడైన తిరుమల కృష్ణదేశికాచార్యులుగారు రూపొందించిన పోతన 2000, వేమన 2000 అను ఖతులు, యూనికోడ్ పద్ధతి తెలుగునకు ఇంకను కొత్తగానున్న రోజులలో వెలువడి, ఉచితముగా పంచబడి, పిమ్మట డెబియన్ మొదలైన లినక్సు వ్యవస్థలలో చేరి, ఎవరైనను తీసికొని వాడుకొనదగిన ఉమ్మడి సొత్తుగా పరిణమించినవి.

ఇట్లు యంత్రమునకు ఏమి చేయవలెనో బోధించు మూలపు వ్రాతను దాచుకొనక, చదువుటకు, సవరించుటకు, పంచుటకు అందరికిని అనుమతినిచ్చు సాఫ్ట్‌వేరునే ఓపెన్ సోర్స్ అని వ్యవహరింతురు. కేసముద్రం మార్కెట్టులో మిర్చి అమ్మిన రైతు చేతియందలి ఆండ్రాయిడ్ ఫోను అట్టిదేయైన లినక్సు కెర్నెల్ పైననే నడచుచున్నది. ఆ కెర్నెల్‌కు పెద్ద పెద్ద కంపెనీల జీతగాండ్రు అండగా ఉన్నారు గాని, దానిచుట్టును అల్లుకొన్న వేలాది చిన్న పరికరములకు అట్టి అండ లేదు; పగలంతయు ఉద్యోగము చేసి, ఇంటికి వచ్చి, భోజనానంతరమున కంప్యూటరు ముందు కూర్చుండు ఒకరో ఇద్దరో వాటిని కాపాడుచున్నారు.

తెలుగునకు జరిగిన సేవయు అధికభాగమిట్టిదే. పత్రికలు తమతమ సొంత ఖతులలో ప్రకటించుచుండిన తెలుగును యూనికోడులోనికి మార్చు 'పద్మ' అను పరికరమును నిర్మించిన వెన్న నాగార్జునగారే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారము చుట్టిరి. ఇంగ్లీషు కీబోర్డుతోనే తెలుగు వ్రాయుటకు వీలు కల్పించిన 'లేఖిని'ని వీవెన్ గారు రూపొందించిరి. స్వేచ్ఛ అను సంస్థ ఇంజనీరింగు విద్యార్థులను కూడగట్టుకొని కంప్యూటరు వ్యవస్థనే తెలుగులోనికి తెచ్చుటకు పూనుకొనెను. వీరికి మనము కృతజ్ఞతలు చెప్పితిమి, సన్మానములు చేసితిమి. కాని ఒక పరికరము పుట్టిన తరువాత ఏటేట దానిని నిలబెట్టు పని ఎవరిదని మాత్రము అడుగలేదు.

ఆ పని స్వరూపమేమో తెలియుటకు మన ప్రాంతమునుండియే ఒక నిదర్శనము చూపవచ్చును. 2016 అక్టోబరు 11న తెలంగాణలోని పది జిల్లాలు ముప్పదియొకటి కాగా, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు కొత్తగా అవతరించినవి. 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లినుండి ములుగు వేరుపడెను. ప్రభుత్వము ఒక ఉత్తర్వుతో గీత మార్చినది. కాని తెలుగు వికీపీడియాలో ఆ జిల్లాల గ్రామములలో దాదాపు ప్రతిదానికిని ప్రత్యేకముగా వ్యాసమున్నందున, జిల్లా పేరు, మండలము పేరు, వర్గము, పటము, పక్క గ్రామముల లంకెలు, ఇవన్నియు దిద్దవలసివచ్చెను. ములుగు ప్రాంతపు పల్లెలకైతే మూడేండ్లు తిరుగకముందే రెండవసారి. యంత్రముచే కొంత చేయింపవచ్చును గాని, ఒకే పేరుగల రెండు ఊళ్లలో ఏది ఏ మండలమునకు చెందినదో తేల్చుటకు మనుష్యుడే ఉత్తర్వు తెరచి చూడవలెను. ఇట్టి పనికి సన్మానసభలుండవు. అంతయు సరిగా ఉన్నంతకాలము ఎవరును గమనింపరు. ఎక్కడనో ఒక పొరపాటు మిగిలినచో మాత్రము ఫిర్యాదు వెంటనే వచ్చును.

అలసటకు మూలమిచ్చటనే ఉన్నది. హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1974లో బర్నౌట్ అను స్థితిని వర్ణించినపుడు ఆయన ఎదుటనున్నవారు కార్ఖానా కార్మికులు కారు, న్యూయార్కులోని ఒక ఉచిత వైద్యశాలలో స్వచ్ఛందముగా సేవ చేయువారు. ఇష్టముతో వచ్చినవారికే, అందులోను మిక్కిలి నిష్ఠ కలవారికే, ఒంట్లో సత్తువ ఉడిగి, చిన్నమాటకే కోపము వచ్చి, ప్రేమించిన పనియందే రోతపుట్టు దశ సంప్రాప్తించునని ఆయన గ్రహించెను. సాఫ్ట్‌వేరునందు ఈ ప్రమాదము ఇంకను అధికము. ఏలయనగా వైద్యశాలకు తలుపులు మూయు వేళ ఒకటి ఉండును, ఇక్కడ వాడుకరులు వందనుండి లక్షకు, లక్షనుండి కోటికి పెరిగినను కాపుదారు మాత్రము ఒక్కడే.

ఫిన్లండు దేశస్థుడగు లాసె కాలిన్ ఉదంతము దీనికి తిరుగులేని సాక్ష్యము. ఫైళ్లను కుదించు ఎక్స్‌జెడ్ అను పరికరమును ఆయన ఏండ్లతరబడి దాదాపు ఒంటరిగా నడుపుచుండెను. లినక్సు వ్యవస్థలెన్నో దానిపై ఆధారపడియున్నవి. 2022లో కొందరు అపరిచితులు, పని మందగించినదని, ఇతరులకు అప్పగింపుమని ఆయనను పదేపదే నిలదీయగా, తాను చిరకాలముగా మానసిక అస్వస్థతతో బాధపడుచున్నాననియు, ఇది జీతములేని అభిరుచి మాత్రమేననియు ఆయన దాచక చెప్పెను. ఆ సమయమున వినయముగా సాయపడుచు దగ్గరైన 'జియా టాన్' అను పేరుగలవానికి క్రమముగా అధికారములు దక్కినవి. ఆ పేరు వెనుకనున్నవారు ఇతరుల సర్వర్లలోనికి చొరబడుటకు అనువైన దొంగదారిని 2024లో ఆ పరికరమున అమర్చిరి. మైక్రోసాఫ్టు ఇంజనీరగు ఆండ్రెస్ ఫ్రాయిండ్, లాగిన్ కావలసిన చోట అరసెకను ఆలస్యమగుచున్నదేమని వెదకి, ఆ మార్చి 29న ఆ గుట్టు బయటపెట్టకున్నచో లోకమునకు ఎంతటి విపత్తు వాటిల్లెడిదో ఊహింపను గూడ కష్టము. ఆ తరువాత ఆ దొంగదారిని తొలగించి, శుద్ధి గావించిన కొత్త వెర్షనును వెలువరించిన వాడును ఆ కాలినే. అలసినవానిని ఆదుకొనువారు రానిచోటికి మోసగాడు వచ్చెను. దీనిని ఆ ఒక్కని దౌర్బల్యమనుట అన్యాయమని నేను దృఢముగా నమ్ముచున్నాను.

ఇక నాయకత్వము. ఆరంభించినవాడే యావజ్జీవము నిర్ణేతగా ఉండుట ఓపెన్ సోర్స్ లోకమున ఆచారమువలె వచ్చినది. పైథాన్ అను కంప్యూటరు భాషను సృష్టించిన గీడో వాన్ రోసమ్, ఒక చిన్న వ్యాకరణపు మార్పుపై చెలరేగిన వాదోపవాదములతో విసిగి, 2018 జులైలో ఆ పెత్తనమును వదలుకొనెను. తన వారసుని మాత్రము నియమింపలేదు. నెలలతరబడి చర్చించి సభ్యులే ఐదుగురి మండలిని ఎన్నుకొను పద్ధతిని ఏర్పరచుకొనిరి, 2019లో ఎన్నికైన తొలి మండలిలో ఆయనయు ఒకడయ్యెను. పెత్తనము పోయినను మనిషి మిగిలెను, పనియు సాగెను. మన తెలుగు బృందములలో తాళపుచెవులు, అనగా సర్వరు పాస్‌వర్డులు, డొమైను పేర్లు, తరచుగా ఒక్కరి చేతిలోనే ఉండుట చూడగా, ఆ ఒక్కరు ఉద్యోగరీత్యానో అనారోగ్యముననో తప్పుకొన్ననాడు ఏమగునను భయము నన్ను విడువదు.

ఈ కాపుదల సమస్య మన చెరువులకు కొత్తది కాదు. మహబూబాబాద్ జిల్లాలోని బయ్యారం చెరువును కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించినదని అచ్చటి శాసనము చెప్పుచున్నది. కాని అట్టి చెరువుల కింద పొలములు పండినది నీరటి తూము తీసి మూసినందున, కట్టకు పడిన గండిని రాత్రివేళనే కనిపెట్టినందున. అతనికి శాసనము లేకపోయినను కల్లమువద్ద ప్రతి రైతు కొలిచి ఇచ్చు మేర ఉండెడిది. ఓపెన్ సోర్స్ లోకమున కల్లమున్నది, పంట పుష్కలముగా ఉన్నది, కొలిచి ఇచ్చువారే అరుదు. మన దేశపు జెరోధా కంపెనీ ఏటా పది లక్షల డాలర్ల వరకు ఇట్టి పనులకై వెచ్చించెదమని 2024 అక్టోబరులో ప్రకటించుట శుభారంభము. తెలుగు పరికరములకు డబ్బుకన్న ముందు కావలసినది రెండవ మనిషి: జనగామలోనో భూపాలపల్లిలోనో చదువుకొను విద్యార్థి ఒక పాత ఖతియందలి దోషమును సవరించినచో దానిని కళాశాల ప్రాజెక్టుగా లెక్కించి మార్కులు వేయవచ్చును, ప్రతి బృందమును తాళపుచెవులు కనీసము ముగ్గురివద్ద ఉంచవచ్చును, నిర్వాహకుడు ఆరు నెలలు సెలవు కోరినచో, కారణమడుగక, ఆ ముగ్గురిలో ఒకరు ఆ భారము నెత్తుకొనవచ్చును.