కడగని ఇంజను – తరగని ఖర్చు
విప్పే ముందు ఒకసారి, బిగించే ముందు ఒకసారి శుభ్రం చేయిస్తేనే మరమ్మతు నిలుస్తుంది

నెక్కొండ: ఇంజను బాగు చేయించి ఇంటికి తెచ్చిన కారు నాలుగు నెలలు తిరగకముందే మళ్లీ పొగ వదిలితే యజమాని ముందు విడిభాగాలను తిడతాడు, తర్వాత మెకానిక్‌ను తిడతాడు. అసలు దోషి చాలాసార్లు చిటికెడు మట్టి. విప్పేటప్పుడు లోపల పడిన దుమ్ము, కడగకుండా వదిలేసిన లోహపు పొడి కొత్త రింగులను, బేరింగులను తినేస్తాయి. అప్పు తెచ్చి చేయించిన పని బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

కాజీపేట–విజయవాడ రైలు మార్గం మీద ఉన్న నెక్కొండకు చుట్టుపక్కల పల్లెల నుంచి జనం మందులకు, ఎరువులకు, బండి పనులకు వస్తుంటారు. ఎండాకాలం మట్టి బాటల్లో లేచే దుమ్ము, వానాకాలం చిమ్మే బురద ఇంజను మీద కారిన ఆయిల్‌తో కలిసి మందమైన జిడ్డు పొరగా పేరుకుంటాయి. సెకండ్‌హ్యాండు కారు కొని కిరాయికి తిప్పుకొనేవారికి బండి ఒక్క వారం షెడ్డులో ఉన్నా కిస్తీ ఆగదు. ఆ తొందరలో ఇంజనును జిడ్డుతోనే విప్పించేస్తారు. నష్టం అక్కడే మొదలవుతుంది.

తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. నడుస్తున్న ఇంజనులో బేరింగుకు, క్రాంక్‌కు మధ్య ఉండే ఆయిల్ పొర మందం కొద్ది మైక్రాన్లే. కంటికి ఆనని ఇసుక రేణువు కూడా ఆ పొర కంటే పెద్దది, బేరింగు లోహం కంటే గట్టిది. అది చేరితే ఇంజను ఆకురాయి పెట్టినట్లు అరిగిపోతుంది.

మురికే సాక్షి

అయితే బండి రాగానే పైపు పట్టి నీళ్లు కొట్టడం కూడా తప్పే. ముందు జిడ్డును చూడాలి. ఆయిల్ ఎక్కడ కారుతున్నదీ ఆ మురికే చెబుతుంది. కారిన ఆయిల్ కిందికి దిగుతుంది, బండి పోతుంటే గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి తడి మొదలైన చోటు అన్నింటికంటే పైన, ముందు వైపున ఉంటుంది. అది చూసుకోకుండా కడిగేస్తే, మూత దగ్గరి ప్యాకింగు మారిస్తే సరిపోయే పనికి ఇంజను మొత్తం దింపవలసి రావచ్చు.

చూసిన తర్వాత కడగాలి. ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. కాగిన హెడ్డు మీద చన్నీళ్లు పడితే పగుళ్లు రావచ్చు. బ్యాటరీ తీగ విప్పి, గాలి పీల్చే దారికి, ఆల్టర్నేటర్‌కు, ఫ్యూజుల పెట్టెకు ప్లాస్టిక్ సంచులు కట్టాలి. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ వంటి పాత బండ్లలో నీరు తగలకూడని చోట్లు కొద్దే. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక కార్లలో సెన్సర్లు, వైర్లు బాగా పెరిగాయి. వీటి మీద జోరుగా నీళ్లు కొడితే కొత్త రోగం తెచ్చుకున్నట్లే. కుంచెతో కిరోసిన్ గానీ జిడ్డు తీసే సబ్బు నీరు గానీ పూసి, రుద్ది, సన్నని ధారతో కడిగి ఆరబెట్టడమే మేలు.

స్పార్కు ప్లగ్గులు, డీజిలు నాజిళ్లు విప్పే ముందు వాటి గుంతల్లోని మట్టిని గాలితో ఊదేయాలి. లేకపోతే అది తిన్నగా సిలిండర్‌లో పడుతుంది. హెడ్డు తీశాక తెరుచుకున్న రంధ్రాలన్నీ శుభ్రమైన గుడ్డలతో మూయాలి. ఎన్ని గుడ్డలు పెట్టారో లెక్క కూడా ఉండాలి. ఒక్కటి లోపల మరిచిపోయినా కొంప మునుగుతుంది.

తెల్లగుడ్డ పరీక్ష

పిస్టన్ మీది మసిని కర్రముక్కతో గానీ ఇత్తడి బద్దతో గానీ గీకాలి. స్క్రూడ్రైవరు మొన పెడితే అల్యూమినియంపై గాట్లు పడి ప్యాకింగు పట్టదు. ఎమరీ పేపరుతో రుద్దితే తళతళలాడుతుంది గానీ రాలిన పొడి ఆయిల్‌లో చేరి బేరింగులను కోస్తుంది. ఇలా రుద్దే బిళ్లలు వాడవద్దని జనరల్ మోటార్స్ కంపెనీ తన మెకానిక్‌లనే హెచ్చరించింది. ఇనుప భాగాలను కాస్టిక్ సోడా నీళ్లలో ఉడికించే అలవాటు ఉన్నచోట అల్యూమినియం భాగాలను అందులో వేయకూడదు. ఆ లోహం కరిగిపోతుంది.

అసలు కీలకం బోరింగు చేయించిన తర్వాత ఉంది. లేత్ నుంచి తెచ్చిన బ్లాకును కిరోసిన్‌తో తుడిచి బిగించేస్తే కంటికి శుభ్రంగానే కనబడుతుంది. కానీ గీతల్లో ఇరుక్కున్న పొడి కిరోసిన్‌కు కదలదు. వేడి నీళ్లు, సబ్బు పొడి, గట్టి కుంచె కావాలి. ఆయిల్ దారుల్లో సన్నని బ్రష్షు దూర్చి తోమి, గాలితో ఊదాలి. ఆ తర్వాత ఆయిల్ తడిపిన తెల్లగుడ్డతో సిలిండర్ తుడవాలి. గుడ్డ నల్లబడితే మళ్లీ కడగాలి. తెల్లగా వచ్చేదాకా బిగించరాదు. కడిగిన వెంటనే ఆయిల్ పూయాలి, లేదంటే తుప్పు పడుతుంది. ట్రాక్టరు ఇంజనుకైనా, పొలంలోని ఆయిల్ ఇంజనుకైనా ఇదే పద్ధతి.

ప్రాణాలతో చెలగాటం వద్దు

కడగడానికి పెట్రోలు వాడడం ప్రమాదం. దాని ఆవిరి గాలి కంటే బరువు. గుంతల్లో నిలిచి చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటుంది. కిరోసిన్ ఆవిరి అంటుకోవడానికి సుమారు 38 డిగ్రీల వేడి చాలు. వరంగల్ ప్రాంతంలో మే నెల ఎండ దాన్ని దాటుతుంది కాబట్టి దాని దగ్గర కూడా బీడీ, వెల్డింగు పనికిరావు. వాడిన ఆయిల్ ఏళ్ల తరబడి ఒంటికి తగిలితే చర్మ క్యాన్సర్ ముప్పు ఉంది. పని నేర్చుకునే కుర్రాళ్లకు చేతి తొడుగులు ఇవ్వాలి. చేతులు పెట్రోలుతో కాక సబ్బుతో కడుక్కోవాలి.

మిగిలిన మురికి ఆయిల్‌ను మోరీలోకి వదిలితే వానకు చెరువు చేరుతుంది. ఒక్కసారి కారు నుంచి తీసిన ఆయిల్ 38 లక్షల లీటర్ల మంచినీటిని పాడు చేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ లెక్క. మన దేశంలోనూ 2016 నాటి నిబంధనలు దీన్ని ప్రమాదకర వ్యర్థంగా గుర్తించాయి. డబ్బాలో పోసి మూత పెట్టి, అనుమతి ఉన్న కొనుగోలుదారులకే ఇవ్వాలి.

ఇన్ని జాగ్రత్తలకు ఒక పూట పని ఎక్కువవుతుంది. బిల్లులో కడిగిన కూలి కనబడితే బేరమాడి కొట్టేయించే యజమానులున్నారు. ఆ కూలి రాదని తెలిసిన మెకానిక్ ఆ పని వదిలేస్తాడు. అందువల్ల బండి అప్పగించేటప్పుడే కడిగే కూలి ఒప్పుకొని, బిగించే రోజు షెడ్డుకు వెళ్లి తెల్లగుడ్డ తుడిపించి చూసుకోవడం యజమానుల బాధ్యత. కొత్త ఆయిల్, ఫిల్టరు వేయించి, మొదటి కొద్ది వందల కిలోమీటర్ల తర్వాత వాటిని మరోసారి మార్పిస్తే లోపల మిగిలిన పొడి కూడా బయటపడుతుంది.