యంత్రమునకు కోలారును ఎఱిగించుట

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. అదే సంవత్సరము మే నెలలో, వెబ్‌ను సృష్టించిన టిమ్ బెర్నర్స్-లీ, జేమ్స్ హెండ్లర్, ఓరా లస్సీలా అను మఱి యిద్దఱితో కూడి, ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో ‘సెమాంటిక్ వెబ్’ అను భావమును లోకమునకు విశదపఱచెను. ఈ రెండింటికిని కార్యకారణసంబంధ మేమియు లేదు. ఐనను 1880లో జాన్ టేలర్ సంస్థ చేపట్టిన నాటినుండి నూట ఇరువది యేండ్లు నడచిన గనులు కేవలము చరిత్రగా మిగిలిన తరుణముననే, చెదరిన సమాచారమును అర్థముతో ముడివేయు విధాన మొకటి ప్రసిద్ధికి వచ్చుట కోలారును ప్రేమించువారు గమనింపదగిన విషయము.

సాధారణమైన వెబ్ పుట మనుష్యుడు చదువుటకై వ్రాయబడినది. యంత్రమునకు అందలి అక్షరములు కనబడునే గాని భావము బోధపడదు. ‘కె.జి.ఎఫ్.’ (కోలారు గోల్డ్ ఫీల్డ్స్) అని వెదకినవానికి రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేటలు గల ఊరును, మూతపడిన గనులును, 2018లోను 2022లోను వచ్చిన చలనచిత్రములును ఒక్క రాశిగా ఎదురగును. ఇవి వేఱువేఱు వస్తువులని యంత్రమునకు తెలియవలెనన్న, ఒక్కొక్కదానికి మాఱని గుర్తు నొసగి, వాని సంబంధములను ముప్పేటల చిన్న వాక్యములుగా చెప్పవలెను: ‘చాంపియన్ రీఫ్ గని – ఉన్న జిల్లా – కోలారు’, ‘చాంపియన్ రీఫ్ గని – లోతు – సుమారు 3.2 కిలోమీటర్లు’. ఈ పద్ధతికి ఆర్.డి.ఎఫ్. అని పేరు; 1999లో ప్రమాణముగా వెలువడినది. ఇట్టి వాక్యములు రాశిపడిన పిమ్మట, 2008లో స్థిరపడిన స్పార్కల్ అను ప్రశ్నభాషతో, ‘రెండు కిలోమీటర్లకు మించిన లోతున భౌతికశాస్త్రప్రయోగములు జరిగిన ఆసియా గను లేవి?’ అని అడుగవచ్చును. వాతావరణమున పుట్టిన న్యూట్రినోల జాడను 1965లో పట్టియిచ్చిన కోలారు గనులు, ఏ పుటలోను ఆ మాటలే లేకున్నను, ఉత్తరముగా వచ్చును.

ప్రశ్న వేయుట సులభము. వాక్యములను కూర్చుటయే కష్టము. ఈ రంగమున పరికరములు నిర్మించువారి శ్రమలో అధికభాగము ప్రోగ్రాము వ్రాయుటయందు గాక, ఏది ఏదియో నిర్ణయించుటయందు వ్యయమగును. బి. ఎల్. రైస్ 1905లో ప్రకటించిన ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ పదియవ సంపుటము కోలారు జిల్లా శాసనములది. కోలారమ్మ గుడిలోని చోళుల తమిళ శాసనములు మొదలుకొని పల్లెల వీరగల్లుల దాక, శాసనములన్నింటికిని ఆయన తాలూకాలవారీగా వరుససంఖ్యల నొసగెను. పండితులు నేటికిని ఆ సంఖ్యలతోనే వానిని పేర్కొందురు. అట్టి పట్టికను ఓపెన్‌రిఫైన్ వంటి ఉచితపరికరమునకు అప్పగించినచో, అది ప్రతి యూరిపేరును వికీడేటా అను బహిరంగ సమాచారనిధిలోని గుర్తుతో పోల్చి, ‘ఇది యేనా?’ అని మన యెదుట నిలుపును. మైసూరు కమిషనరుగా నుండిన బౌరింగు దొర పేర వెలసిన బౌరింగుపేటయే నేటి బంగారుపేట యని అక్షరసామ్యమును బట్టి యంత్ర మెఱుగజాలదు. స్థలమెఱిగిన మనుష్యుడు చెప్పవలసినదే. పోలికను బట్టి తానే నిశ్చయించి సాగిపోవు పరికరము ఎంత వేగవంతమైనను నాకు నమ్మకము కలుగదు. తప్పుగా ముడివడిన రెండూళ్ల చరిత్ర ఆ తరువాత వేయిచోట్లకు ప్రాకిపోవును.

కాలము వేఱొక చిక్కు తెచ్చును. రైస్ గ్రంథమున కోలారు జిల్లా యనగా బాగేపల్లి, గౌరిబిదనూరు తాలూకాలును కలిసినది. 2007లో చిక్కబళ్లాపురము జిల్లా వేఱుపడగా అవి అందులో చేరినవి. మోక్షగుండం విశ్వేశ్వరయ్య జన్మించిన ముద్దేనహళ్లికిని ఇదే గతి: కోలారు జిల్లావాడన్న పాత గ్రంథమును, చిక్కబళ్లాపురము జిల్లావాడన్న క్రొత్త వ్యాసమును రెండును సత్యములే. కావున ‘ముద్దేనహళ్లి – ఉన్న జిల్లా – కోలారు’ అన్న వాక్యమునకు 2007 అను తుదిసంవత్సరమును, ఆధారమును జతచేయవలెను. 2012 అక్టోబరులో ఆరంభమైన వికీడేటా ఇందుకు తగిన సౌకర్యము కల్పించినది. అంతకంటె నాకు మిక్కిలి ప్రియమైన గుణ మొకటి దానికి కలదు: వస్తువునకు గుర్తు సంఖ్యయే కావున, తెలుగు, కన్నడము, తమిళము, ఉర్దూ కలగలిసి వినవచ్చు కోలారు సంతలో ఎవరి పేరుతో వారు పిలిచినను ఆ సంఖ్యయే పలుకును, ఏ భాషయు ఇంకొకదానికి లోబడదు.

ఊరి జిల్లా వలెనే శిలల చోటును మాఱవచ్చును. వీరగల్లు ఒకటి 1905లో చెరువుకట్ట చెంత నుండెనని గ్రంథము చెప్పినను, నేడది గుడి ఆవరణలో నుండవచ్చును. ‘1905లో ఇచట’, ‘ఇపుడు అచట’ అను రెండు వాక్యములను వేఱువేఱు ఆధారములతో వ్రాసి, ఛాయాచిత్రమును, అక్షాంశరేఖాంశములను చేర్చుటకు సెల్‌ఫోను చాలును. మారికుప్పము నుండి బెంగుళూరునకు దినదినము రైలులో పోవు యువజనులలో సాఫ్ట్‌వేర్ ఎఱిగినవారు కలరు. తాతల నోట గనుల పేరులను, ఊళ్ల పాతపేరులను విన్నవారును వారే. బంగారుపేట తాలూకా శాసనముల వరుస నొక్కదానిని ముందుగా చేపట్టుటకు వారికంటె తగినవారు లేరు.