అంతరిక్ష క్రీడలకు జాయ్‌స్టిక్కు, థ్రాటిల్ : ఎంపికలో గమనింపదగిన విషయాలు

కంప్యూటరు తెరమీద అంతరిక్ష నౌకను నడిపే ఆటలు నిన్న మొన్నటివి కావు. 1984లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ విద్యార్థులు ఇద్దరు, డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనేవారు, బి.బి.సి. మైక్రో అనే చిన్న కంప్యూటరు కొరకు 'ఎలీట్' అనే ఆటను రూపొందించారు. 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి మాత్రమే గల ఆ యంత్రంలో వారు ఎనిమిది నక్షత్ర మండలాలను, ఒక్కొక్క మండలంలో 256 గ్రహ వ్యవస్థలను ఇమిడ్చారు. మన రాకేశ్ శర్మ సోయుజ్ టి-11 నౌకలో అంతరిక్షయానం చేసినది కూడ ఆ సంవత్సరమే కావడం ఒక చక్కని కాకతాళీయం. అదే ఆటకు వారసురాలుగా 2014లో 'ఎలీట్ డేంజరస్' వెలువడింది. మన కళాశాల వసతిగృహంలో రాత్రి భోజనాల తరువాత దాని ప్రస్తావన రాని దినం అరుదు.

ఈ ఆటలు ఆడే మిత్రులు తరచుగా నన్నడిగే ప్రశ్న ఒకటే: "ఏ జాయ్‌స్టిక్కు కొనమంటావు?" ఈ ప్రశ్న నన్నే అడగడానికి కారణం నా పాండిత్యం కాదు, నేను తిన్న దెబ్బ. డిగ్రీ మొదటి సంవత్సరంలో పదవ తరగతి పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టిన నాలుగు వేల రూపాయలతో నేనొక జాయ్‌స్టిక్కు కొన్నాను. అమ్మకందారు దాని మీది పన్నెండు బొత్తాలను, నీలపు దీపాలను చూపించాడు. నేనూ వాటినే చూచాను. ఎనిమిది నెలలు గడిచేసరికి, చేయి వేయకముందే నా నౌక ఎడమకు ఒరగడం ఆరంభించింది. తిరుగుతున్న స్టేషను ద్వారంలోకి మెల్లగా దూరవలసిన నౌక పోయి గోడను గుద్దుకొనేది. గ్యారంటీ అప్పటికే తీరిపోయింది. దానిని విప్పి చూచిన నాడు గాని, నేను డబ్బు పెట్టవలసినచోట పెట్టలేదని నాకు బోధపడలేదు.

అసలు అంతరిక్ష క్రీడకు కావలసినదేమిటో మొదట విచారించాలి. దుకాణాలలో జాయ్‌స్టిక్కును, థ్రాటిల్ మీటను ఒక జంటగా అమ్ముతారు. ఈ జత విమానం నుండి వచ్చినది. విమానానికి గాలి నిరోధం ఉంటుంది. దానిని జయిస్తూ ఇంజను నిరంతరం పనిచేయాలి. అందుచేత ఇంజను శక్తిని ఒకచోట నిలిపి ఉంచే మీట ఎడమ చేతికి అవసరమైంది. శూన్యంలో సంగతి వేరు. అక్కడ ఒకసారి వేగం అందుకొన్న నౌక, మరొక బలం ప్రయోగించనంతవరకు అదే వేగంతో సాగిపోతుందని న్యూటను మొదటి సూత్రం మనకు ఇంటర్మీడియట్‌లోనే చెప్పింది. అక్కడ నౌకకు ఆరు విధాల చలనం కావాలి. ముందుకు వెనుకకు, కుడికి ఎడమకు, పైకి క్రిందికి జరగడం మూడు స్థానాంతర చలనాలు. ముక్కు ఎత్తడం దించడం, ముక్కును ప్రక్కలకు త్రిప్పడం, ఉన్నచోటనే దొర్లడం మూడు భ్రమణ చలనాలు.

ఇది ఆటలు తయారుచేసేవారు కల్పించినది కాదు. చంద్రునిపై దిగిన అపోలో వాహనంలో వ్యోమగామి కుడి చేతికి భ్రమణం కొరకు ఒక పిడి, ఎడమ చేతికి స్థానాంతరం కొరకు మరొక పిడి అమర్చారు. ఆ ఎడమచేతి పిడి ప్రక్కన ఒక చిన్న మీట ఉండేది. దానిని ఒకవైపుకు త్రిప్పితే పిడి చిన్న జెట్లను నడుపుతుంది, రెండవవైపుకు త్రిప్పితే అదే పిడి దిగుడు ఇంజనుకు థ్రాటిల్‌గా పనిచేస్తుంది. సోయుజ్ నౌకలలో కూడ చోదకునికి రెండు చేతులకు రెండు పిడులే. కనుక అంతరిక్షానికి సహజమైన ఏర్పాటు జాయ్‌స్టిక్కు, థ్రాటిల్ కాదు, రెండు జాయ్‌స్టిక్కులు. ఈ సంగతి గ్రహించిన ఆటగాండ్రు ఇటీవలి సంవత్సరాలలో ఎడమ చేతికి కూడ ఒక జాయ్‌స్టిక్కునే పెట్టుకొంటున్నారు. వి.కె.బి. అనే సంస్థ అదే గ్లాడియేటర్ పిడిని ముందుకు వాల్చి బిగించి, ఎడమచేతి స్థానాంతరానికి వీలుగా 'ఆమ్నీ థ్రాటిల్' అనే పేరుతో అమ్ముతున్నది.

అయితే థ్రాటిల్ పూర్తిగా వ్యర్థమా అంటే, అలా అనడం తొందరపాటు. ఎలీట్ డేంజరస్ వంటి ఆటలలో నౌకలోని కంప్యూటరు సాయం ఉన్నంతసేపు థ్రాటిల్ మీట ఇంజను బలాన్ని కాక, మనం కోరిన వేగాన్ని సూచిస్తుంది. ఆ వేగాన్ని అందుకొని నిలబెట్టే బాధ్యత కంప్యూటరుది. నౌక అతి చురుకుగా మలుపు తిరిగే వేగాన్ని తెరమీద నీలిరంగు పట్టీతో చూపుతారు. మీటను అక్కడ నిలిపి యుద్ధం చేయడం హాయిగానే ఉంటుంది. గంటల తరబడి సరకులు మోసే వర్తకునికి కూడ ఎడమ చేతికి విశ్రాంతి. కాని థ్రాటిల్ కొనేవారు ఒక్క విషయం తప్పక చూడాలి. మీట నడిమి స్థానంలో వ్రేలికి తెలిసే చిన్న గంటు ఉన్నదా? ఉంటే ఆ గంటును 'ఆగు' స్థానంగా పెట్టుకొని, పైకి నెడితే ముందుకు, క్రిందికి లాగితే వెనుకకు పోవచ్చును. లేకపోతే పోరాటం మధ్యలో నౌక ఆగిందో లేదో తెలుసుకొనడానికి తెర మూలకు చూడవలసి వస్తుంది, ఆ క్షణంలోనే శత్రువు వెనుకకు చేరుతాడు.

మరొక పొరపాటు కూడ చెప్పదగినది. ఎ-10 యుద్ధవిమానపు పిడికి ప్రతిరూపంగా 2010లో వచ్చిన థ్రస్ట్‌మాస్టర్ వార్ట్‌హాగ్ ప్రసిద్ధమైన సెట్టు. బరువైన లోహంతో చేసినది, చూడగానే మనసు పడేది. కాని దాని పిడి మెలి తిరగదు. నిజమైన విమానంలో ముక్కును ప్రక్కలకు త్రిప్పే పని పాదాలది గనుక, ఆ ప్రతిరూపంలో దానికి చోటులేదు. విమానాల ఆటలకు అది లోపం కాదు. అంతరిక్ష క్రీడ కొరకు అంత డబ్బుపోసి కొన్నవాడు మాత్రం మళ్ళీ పాదపీఠాలు కొనాలి, లేదా ఆ చలనాన్ని బొత్తాలకు అప్పగించాలి. కావున మనవంటి వారికి మొదటి నియమం, పిడి మెలితిరిగే జాయ్‌స్టిక్కునే కొనడం.

ఇక నమ్మకం మాట. జాయ్‌స్టిక్కులో ముందుగా చెడేది బొత్తాం కాదు, పిడి స్థానాన్ని కనిపెట్టే సెన్సారు. పాత పద్ధతి పొటెన్షియోమీటరు. రేడియోలో ధ్వని పెంచే మరలో ఉండేది ఇదే. వంపుగా పరచిన కర్బనపు దారిమీద ఒక లోహపు నాలుక జరుగుతూ ఉంటుంది. నాలుక చోటునుబట్టి నిరోధం మారుతుంది. 1981 నాటి ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు జాయ్‌స్టిక్కును చదివిన తీరు ముచ్చటైనది. ఆ నిరోధం ద్వారా ఒక కెపాసిటరు నిండడానికి ఎంతసేపు పట్టిందో కంప్యూటరు లెక్కపెట్టి, దానినిబట్టి పిడి ఎక్కడ ఉన్నదో తెలుసుకొనేది! లెక్క ఎంత చక్కనిదైనా నాలుక కర్బనాన్ని రాస్తూనే ఉండాలి గదా. రాపిడికి దారి అరుగుతుంది, పొడి రాలుతుంది, ధూళి చేరుతుంది. ఆటగాడు పిడిని ఎక్కువసేపు ఉంచేది నడిమి స్థానం దగ్గరనే గనుక ముందుగా అరిగేదీ అదే. నా జాయ్‌స్టిక్కును విప్పినప్పుడు నల్లని దారి నడుమ గోటి వెడల్పున వెలిసిన మచ్చ కనబడింది. ఆల్కహాలుతో తుడిస్తే మూడు వారాలు బాగా పనిచేసి, మళ్ళీ ఎడమకు తిరిగింది.

దీనికి విరుగుడు మన భౌతికశాస్త్ర పాఠంలోనే ఉన్నది. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఎడ్విన్ హాల్, పలుచని బంగారు రేకులో విద్యుత్తు ప్రవహింపజేసి, రేకుకు లంబంగా అయస్కాంత క్షేత్రాన్ని ప్రయోగించినపుడు రేకు అడ్డంచుల మధ్య స్వల్పమైన వోల్టేజి పుడుతుందని కనుగొన్నాడు. లోహాలలో అతి స్వల్పంగా ఉండే ఈ ప్రభావం అర్ధవాహకాలలో ఎక్కువగా ఉంటుంది గనుక, అవి వచ్చిన తరువాత అది వాడుకకు వచ్చింది. జాయ్‌స్టిక్కు పిడి మొదట ఒక అయస్కాంతం, దానికి ఎదురుగా తాకకుండా ఒక చిన్న హాల్ సెన్సారు. పిడి కదిలితే సెన్సారు మీద పడే క్షేత్రం మారుతుంది, దానితో వోల్టేజి మారుతుంది. తాకిడి లేదు గనుక అరుగుదల లేదు. ఈమధ్య కొన్ని సంస్థలు అయస్కాంత క్షేత్రాన్నిబట్టి నిరోధం మారే సెన్సార్లను వాడుతున్నాయి. కొనేవానికి ముఖ్యమైన గుణం ఒకటే, తాకకుండా పనిచేయడం.

ఇక్కడ ఒక కిటుకు ఉన్నది. పెట్టెమీద 'హాల్ సెన్సారు' అని పెద్ద అక్షరాలతో వ్రాసి, లోపల ముందువెనుకలకు, ప్రక్కలకు మాత్రమే దానిని పెట్టి, మెలితిప్పే అక్షానికి పాత పొటెన్షియోమీటరునే ఉంచే పరికరాలు కలవు. థ్రాటిల్ మీటలోనూ అంతే. అంతరిక్ష క్రీడలో మెలి అక్షం మీద పని ఎక్కువ. అందువలన "ఎన్ని అక్షాలకు హాల్ సెన్సారు ఉన్నది?" అని విడివిడిగా అడగాలి. సమాధానం తెలియని అమ్మకందారు వద్ద తయారీదారు ఇచ్చిన వివరపత్రం తీసుకొని చదువుకోవాలి.

ప్రకటనలలో గొప్పగా కనిపించే మరొక అంకె సూక్ష్మత. 10 బిట్లైతే 1,024 మెట్లు, 14 బిట్లైతే 16,384 మెట్లు. పిడి మొత్తం 40 డిగ్రీలు కదులుతుందనుకొంటే 1,024 మెట్లలో ఒక్కొక్కటి డిగ్రీలో ఇరవై అయిదవ వంతు. మానవ హస్తం అంతకంటె సన్నగా నిలువలేదు. మెట్లు ఎన్ని ఉన్నాయన్నదానికంటె, వదిలిన పిడి ప్రతిసారీ అదే మెట్టుకు తిరిగి వస్తున్నదా అన్నదే నాకు ముఖ్యంగా తోస్తుంది.

అలా తిరిగి రావడం స్ప్రింగులు, కీళ్ళ పని. సెన్సారు ఎంత మంచిదైనా కీలు వదులైతే ప్రయోజనం లేదు. కొనేముందు పిడిని రెండు వ్రేళ్ళతో నడిమి స్థానంలో మెల్లగా ఊపి చూడాలి. అక్కడ కొంచెం ఖాళీగా ఆడితే, ఆరు నెలలకు ఆ ఖాళీ రెట్టింపవుతుంది. తరువాత గుండ్రంగా త్రిప్పాలి. నాలుగు దిక్కుల వద్ద గాడిలో పడినట్లు తట్టితే, గురిపెట్టేటప్పుడు చేయి అక్కడే చిక్కుకుంటుంది. చివరకు కంప్యూటరుకు తగిలించి, విండోస్‌లోని ఆట పరికరాల పరీక్ష తెర తెరచి, చేయి తీసివేసి చూడాలి. గురుతు నిశ్చలంగా ఉండాలి. వణికితే ఆ పరికరం కొత్తదైనా సరే, వద్దు.

వణుకు కనిపించకుండా చేసే ఉపాయమొకటి ప్రతి ఆటలోను ఉంటుంది. నడిమి స్థానం చుట్టూ కొంత మేర కదలికను లెక్కచేయవద్దని ఆటకు చెప్పవచ్చును. నేను ఆ మేరను రెండు వందల వంతులలో ఒకటితో మొదలుపెట్టి ఐదింట ఒకటి వరకు పెంచుకొంటూ పోయాను. నౌక ఒరగడం ఆగింది, నిజమే. కాని సన్నని గురి కూడ దానితోపాటే పోయింది. జ్వరమున్నదని థర్మామీటరును పగులగొట్టినట్లయింది నా పని.

మన కళాశాల కమిటీవారు కంప్యూటరు ప్రయోగశాలకు ఇటువంటి పరికరాలు కొనే ఆలోచన ఎన్నడైనా చేస్తే, నా మనవి ఇది. ఖరీదైన థ్రాటిల్ సెట్టు ఒకటి కొనేబదులు, అన్ని అక్షాలకు తాకని సెన్సార్లు గల సాధారణ జాయ్‌స్టిక్కులు రెండు కొనాలి. వాటిలో ఒకటి ఎడమచేతివాటం వారికి కూడ పనికివచ్చేదిగా ఉండాలి. ఇరుప్రక్కల ఒకే రూపంలో ఉండే పిడులు దొరుకుతున్నాయి. ఆటలకు డబ్బేమిటని ఎవరైనా ప్రశ్నిస్తే, లండను యూనివర్సిటీ కాలేజీకి చెందిన మార్టిన్ ష్వైగర్ 2000లో విడుదల చేసిన 'ఆర్బిటర్' అనే ఉచిత ప్రోగ్రామును చూపవచ్చును. అందులో కక్ష్యలో ముందున్న నౌకను అందుకొనాలని ఇంజనును ముందుకు మండిస్తే మన నౌక పైకక్ష్యకు ఎక్కి ఇంకా వెనుకబడుతుంది. కెప్లరు నియమాలను నల్లబల్లమీద మూడుసార్లు వ్రాసినా నాకు పట్టని ఆ సంగతి, ఒక సాయంకాలం ఓడిపోగానే పట్టింది.

పాత పరికరం కొనదలచిన విద్యార్థులు దానిని ఇరవై నిమిషాలు ఆడనిమ్మని అడగాలి. పొటెన్షియోమీటరు మొదటి అయిదు నిమిషాలు బుద్ధిగా ఉండి, ఆ తరువాత తన గుణం చూపుతుంది. నాది ఇప్పుడు విప్పిన స్థితిలోనే నా బల్లమీద ఉన్నది. కర్బనపు దారి మీది మచ్చను చూడదలచినవారు వచ్చి చూడవచ్చును.